ఇల్లు మారేవారికి కృతజ్ఞతాశాస్త్ర ప్రవేశిక

కృతజ్ఞత అంటే చేసిన మేలును ఎరిగి ఉండటం. సంస్కృతంలో 'కృతం' అంటే చేయబడినది, 'జ్ఞ' అంటే తెలిసినవాడు, ఆ కృతాన్నే చంపుకునేవాడు కృతఘ్నుడు. ఈ ఇద్దరి మధ్య, చేసినదేమిటో తెలిసి కూడా చేసినవారెవరో గుర్తురాని మూడో తెగ ఒకటి ఉందన్న సంగతిని నిఘంటుకర్తలు పట్టించుకున్నట్టు లేదు. ఆ తెగ విస్తారంగా కనిపించేది కుటుంబాలు ఇల్లు మారే రోజుల్లోనే కాబట్టి ప్రస్తుత ప్రవేశిక ముఖ్యంగా వారి ఉపయోగానికే ఉద్దేశింపబడింది. ఇందులో 'సాధకుడు' అన్న చోటల్లా, సామాన్లు సర్దుతున్న ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఉన్నదానితో తృప్తిపడి ప్రతి చిన్నదానికీ కృతజ్ఞతతో ఉండాలని తక్కినవారికి బోధించే గృహస్థు అని గ్రహించాలి. ఆ కుర్చీ సాధారణంగా లారీలోకి అన్నిటికన్నా ఆఖరున ఎక్కుతుంది.

సాధనకు పూనుకునే ముందు కష్టం పరిమాణం తెలుసుకోవడం అవసరం. అమెరికాకు చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మానసిక వైద్యులు 1967లో మనిషి జీవితంలోని 43 సంఘటనలకు, అవి కలిగించే ఒత్తిడిని బట్టి మార్కులు వేసి ఒక పట్టిక ప్రకటించారు. అందులో భార్య లేదా భర్త మరణానికి 100 మార్కులు ఉండగా నివాసం మారడానికి 20, బడి మారడానికి మరో 20, జీవన పరిస్థితులు మారడానికి 25, అత్తవారి వైపు బంధువులతో తగవుకు 29 ఉన్నాయి. ఇవి వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరుగా జరిగే దేశంలో ఈ పట్టిక తయారైంది గాని, తెలుగు కుటుంబంలో ఈ నాలుగూ ఒకే మధ్యాహ్నం, ఒకే లారీ చుట్టూ జరుగుతాయి కనుక మొత్తం 94 అవుతుంది. భార్యావియోగానికి ఇది ఆరు మార్కులు తక్కువ. ఆ ఆరు మార్కులకు కృతజ్ఞుడై ఉండటంతో సాధకుడు సాధన ప్రారంభించవచ్చు.

కాలనిర్ణయం ఈ శాస్త్రంలో మొదటి అంగం. తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుంటాయి కాబట్టి ఇల్లు మారదలచిన కుటుంబాలు చాలావరకు మే నెలాఖరును, అంటే రోళ్లు పగులుతాయని పేరుపడ్డ రోహిణి కార్తెను ఎంచుకోక తప్పదు. గురువుగాని శుక్రుడుగాని సూర్యుడికి మరీ చేరువై ఆ వెలుగులో కంటికి ఆనకుండా పోయే రోజులను మూఢం అంటారు. ఆ రోజుల్లో శుభకార్యాలు చేయరు గనుక, మూఢం కూడా ఆ నెలలోనే తగిలిందంటే మిగిలిన నాలుగు ముహూర్తాల మీద ఊరంతా పడుతుంది. సాధకుడు తెల్లవారుజామున పాలు పొంగించే ముహూర్తాన్నీ, మధ్యాహ్నం మూడింటికి లారీ రాకనూ కుదుర్చుకుంటే చాలు. అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఫ్యాన్లు దిగేవారే తెచ్చుకోవాలి, ఫ్యాన్లేమో లారీలో ఉంటాయి కాబట్టి, ఆ మధ్యకాలమంతా బోసి గదుల్లో నేల మీద కూర్చున్న ముసలివారికీ పిల్లలకూ ఫ్యాను ఇన్నేళ్లుగా చేస్తూ వచ్చిన మేలు ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది. పాలు పొంగించడమూ తేలిక కాదు. ఊరు మారేవారు గ్యాసు బండను, రెగ్యులేటరును పాత ఊళ్లోనే అప్పగించి డిపాజిట్టుతో పాటు ట్రాన్స్‌ఫర్ వోచర్ అనే కాగితం పుచ్చుకుంటారు గనుక, ఆ కాగితం తిరిగి బండగా మారేవరకు కొత్త ఇంట్లో ఇండక్షన్ పొయ్యే గతి. పొంగిన పాలు మీద పడగానే బెదిరి ఆగిపోయే గుణం ఆ పొయ్యిల్లో చాలావాటికి ఉంది కాబట్టి, సమృద్ధికి గుర్తుగా పొంగవలసిన పాలు ఒక్కసారి పొంగి పొయ్యి నోరు మూయిస్తాయి.

కృతజ్ఞతా పుస్తకం రెండో అంగం. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో ఒక వర్గం వారు పది వారాల పాటు వారానికోసారి తమకు కృతజ్ఞత కలిగించిన విషయాలను ఐదింటి దాకా రాయగా, మరో వర్గం వారు చికాకులను రాశారు. మొదటి వర్గం వారు తమ జీవితం పట్ల ఎక్కువ సంతృప్తి వెల్లడించారు. ఇందులోని సారం గ్రహించిన సాధకుడు ఒక అందమైన నోటుపుస్తకం కొని, ఇంట్లో ప్రతి ఒక్కరూ రాత్రి పడుకోబోయే ముందు ఐదేసి విషయాలు రాయాలని శాసించి, ఆ పుస్తకాన్ని మొదటి అట్టపెట్టెలో అడుగున పెట్టించాలి. అది మళ్లీ దసరాకు దొరుకుతుంది. ఈలోగా చికాకుల జాబితా ఎక్కడా రాయనక్కరలేకుండానే ఇంటిల్లిపాదికీ కంఠస్థమై ఉంటుంది.

పెట్టెలు సర్దే విధానం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. పెట్టె మీద లోపలి వస్తువుల పేర్లు రాయడం తొలి మూడు పెట్టెలకే పరిమితం కావాలి, నాలుగో దాని నుంచి అన్నిటి మీదా 'ఇతరాలు' అని రాయాలి. మంచాలు ఊడదీసిన బోల్టులను భద్రంగా ఒక హార్లిక్స్ సీసాలో పోసి ఆ సీసా ఎక్కడ పెట్టిందీ సాధకుడు ఒక్కడే గుర్తుంచుకోవాలి. అటక విషయంలో మాత్రం పరిపూర్ణ ఏకాగ్రత అవసరం. అటక మీది సరుకును తెలుగువారు 'పనికొచ్చేవి', 'పనికొస్తాయేమో అనిపించేవి' అని రెండు జాతులుగా విభజించారు, పారేయదగినవి అనే మూడో జాతిని శాస్త్రం ఒప్పుకోదు. విరిగిన కవ్వం, 2 బిరడాలు, మూత లేని కుక్కరు, కుక్కరు లేని మూత, ఎవరి పెళ్లిలోనో వచ్చిన 11 స్టీలు గిన్నెల్లో మిగిలిన 7 గిన్నెలు దించి, దులిపి, తడిగుడ్డతో తుడిచి కట్టినవారు ఒకరైతే, వాటిని చూసి ఎన్ని జ్ఞాపకాలు అని నిట్టూర్చే బాధ్యత సాధకుడిది. పాత చీపురును కొత్త ఇంటికి తీసుకుపోకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. అన్ని వస్తువులలోనూ ఇంటికి అత్యధిక సేవ చేసినదాన్నే వదిలివెళ్లే ఈ ఆచారం, కృతజ్ఞతాశాస్త్రంలో పరిశోధకుల దృష్టికి రావలసిన అంశం.

ఇక ఆవకాయ జాడీ. మామిడికాయ ముదిరి టెంక కట్టే కాలమూ ఇల్లు మారే కాలమూ ఒకటే కావడం చేత, ఏడాది సరిపడా కలిపిన ఊరగాయ సరిగ్గా ఊరుతున్న దశలో ప్రయాణం కట్టవలసి వస్తుంది. నూనె పైకి తేలి ముక్క దిగే ఆ మూడు రోజులూ జాడీని కదపకుండా ఉంచడం మంచిదని అనుభవజ్ఞులు అంటారు గనుక, సాధకుడు ఊరగాయ కలిపిన మర్నాడే లారీని పిలవాలి. ప్యాకర్లు చాలామంది నూనెలను, పచ్చళ్లను ఎక్కించుకోరు. ఒకవేళ ఎక్కించుకున్నా గ్రైండరు పక్కన వాలిన జాడీ ఏ మలుపులో ఏమవుతుందో ఊహించగలవారెవరూ దాన్ని లారీకి అప్పగించరు. అందుచేత జాడీ మూతికి పాత నేతగుడ్డ వాసెన కట్టి, చుట్టూ దుప్పటి చుట్టి, కారు వెనక సీట్లో ఇంటి పెద్దావిడ ఒళ్లో పెడతారు. హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. ఆ దూరమంతా ఆవిడ కాళ్లు చాపుకోకుండా, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో జాడీని పైకెత్తి పట్టుకొని, నిద్ర వచ్చినా నిద్రపోకుండా కూర్చుంటే, ముందు సీట్లో సాధకుడు రోడ్డు ఎంత బాగా వేశారో చూడమంటూ రహదారి శాఖకు కృతజ్ఞత ప్రకటిస్తాడు.

పాత ఇంటికి వీడ్కోలు చెప్పే ఘట్టంలో ఒక భాషావిశేషం ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తెలుగువారు గడపను చూసి 'ఈ ఇంటితో ఋణం తీరింది' అంటారు. ఇంత చక్కని మాట ఉండగా కృతజ్ఞతకు వేరే పాఠం ఎందుకనిపించవచ్చు గాని, తీరిన ఋణం ఇంటితోనే, ఇంటి ఓనరుతో కాదు. ఏడాదికి మించిన కౌలు ఒప్పందాలను 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి కనుక ఆ శ్రమ లేకుండా అద్దె కాగితాలు పదకొండేసి నెలలకు రాసుకోవడం వాడుక అయింది. ఆ కాగితంలో కనబడని గోడల రంగు ఖర్చు, తలుపు గొళ్లెం ఖర్చు, మేకుల చిల్లుల ఖర్చు అడ్వాన్సులోంచి ఒక్కొక్కటే బయలుదేరుతాయి. సాధకుడు మిగిలిన సొమ్ముకు ధన్యవాదాలు చెప్పి పుచ్చుకోవాలి, తన సొమ్ములో కొంత భాగం తనకే తిరిగి రావడం ఎంత అరుదైన భాగ్యమో దారిలో తక్కినవారికి వివరించాలి.

ఈ విద్యలో తెలుగువారికి రాష్ట్రస్థాయి అనుభవం కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు నుంచి కర్నూలుకు తరలివెళ్లినప్పుడు కార్యాలయాలు ఎన్నో గుడారాల్లో నడిచాయి. మూడేళ్లు తిరిగి గుడారాలు అలవాటయ్యేసరికి, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదైంది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండేళ్లకు సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి రావలసి వచ్చినప్పుడు వారికి వారంలో ఐదు రోజుల పని కల్పించారు. దాని ఫలితంగా చాలామంది ఉద్యోగులు పిల్లల చదువుల కోసం సంసారాన్ని హైదరాబాదులోనే ఉంచి, శుక్రవారం సాయంత్రం బండెక్కి సోమవారం తిరిగి వచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఇల్లు మారకుండా మనిషి మాత్రమే మారే ఈ విధానంలో ఒక్కడూ గదిలో అన్నం వండుకుంటూ, ఇంట్లో కంచం ముందుకు తనంతట తాను నడిచి వచ్చేది కాదని కనిపెట్టిన ఉద్యోగులు ఎందరున్నారో లెక్క లేదు. ఈ శాస్త్రంలో పాఠం లేకుండా ఉత్తీర్ణులైనవారు బహుశా వారే.

కొత్త ఇంటికి చేరిన తరువాత కృతజ్ఞతకు పాత్రులైనవారి క్రమం నిర్ణయించడం మిగిలింది. సాధకుడి జాబితాలో ముందు ముహూర్తం, తరువాత వాస్తు, ఆపైన వాన పడకుండా ఆగిన మేఘాలు వస్తాయి. లిఫ్టులో సామాన్లు ఎక్కించరాదన్న కాగితం అంటించిన అపార్టుమెంటులో నాలుగో అంతస్తు దాకా బీరువాను నడుముకు తాడు వేసుకొని మోసిన హమాలీలు ఆ జాబితాలో ఉండరు. వారితో జరిగేది బేరం కాబట్టి, బేరం ఉన్నచోట కృతజ్ఞత కుదరదని సిద్ధాంతం. ఎదురింటివారు అడగకుండానే తెచ్చి ఇచ్చిన బిందెడు మంచినీళ్లకు, టీలకు 'థ్యాంక్సండీ' అనే మాట పలకవచ్చు, పరాయివారు గనుక. ఇంట్లోవారికి ఆ మాట చెప్పడం తెలుగునాట ఎబ్బెట్టు. ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ ఏమిటి అని ఎవరైనా నవ్వుతారు. ఈ మర్యాద ఎంత గట్టిదంటే, నలభై పెట్టెలు కట్టి, కొన్ని విప్పి, తొలి రాత్రికే ఎలాగో పప్పు, చారు వండి వడ్డించిన ఇల్లాలికి, సాధకుడు ఆ పూట చెప్పగలిగింది చారులో ఉప్పు తగ్గిందన్న ఒక్క మాటే. ఉప్పు డబ్బా ఏ 'ఇతరాలు'లో ఉందో అప్పటికి తెలియలేదు. మంచాల బోల్టులూ దొరకలేదు గనుక అందరూ నేల మీద పరుపులు పరుచుకున్నారు, సాధకుడు మాత్రం నేల మీద పడుకోవడం వెన్నుకు ఎంత మేలో చెబుతూ అందరికన్నా ముందు నిద్రపోయాడు.

ఈ గ్రంథం చెప్పదలచిన విధి మరొక్కటే ఉంది, అది సాధకుడికి సంబంధించినది కాదు. ఆవకాయను కలిపిన మూడోనాడు తిరగకలపాలి. ఇల్లు మారినా, గ్యాసు రాకున్నా, గరిటెలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నా ఆ రోజు మారదు. పెద్దావిడ వాసెన విప్పి, చెయ్యి తడి లేకుండా తుడుచుకొని, అడుగు దాకా కలిపి, తేలిన నూనె చూసి, ఒక ముక్క నోట్లో వేసుకొని ఉప్పు సరిపోయిందని చెబుతుంది.