తమ నోటికి వెయ్యి దండాలు

పెదనాన్నగారూ! కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళ ఆంధ్రనాయకుణ్ణి నిందించినట్టే నిందించి ఓ శతకం నిండా స్తుతించాడు. నాకంత విద్య లేదు. తమరిని ఉత్తినే పొగిడేస్తాను.

పాలు ఆలస్యమైతే వెధవ. బస్సు ఆపకపోతే వెధవ. మనవడికి భిన్నాలు రాకపోతే వెధవన్నర వెధవ. భిన్నాలంటే తమరివీ! మాటల్లో ఇంత పొదుపు ఇంకెవరికుంది?

విధవ అన్న మాటకే కాస్త ఎత్వమిచ్చి, మొగుడు పోయిన ఆడదాని కష్టాన్ని మీసాలున్నవాడికి బిరుదుగా తగిలించారు. వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చని 1856లో చట్టం వచ్చింది. ఆ పెళ్లి ఒక్కటి చేయించడానికి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11 దాకా ఆగి, రాజమహేంద్రవరంలో నానా తంటాలూ పడ్డారు. తమరో? పడక్కుర్చీ దిగకుండా రోజుకు పాతికమందిని వెధవల్ని చేస్తారు.

తమ సమదృష్టి మరీ గొప్పది. సర్వం వదిలేసినవాడు తమ నోట సన్నాసి. నువ్వులనూనె పోసి మొక్కివచ్చిన శనీశ్వరుడు గుడి గుమ్మం దాటగానే శనిగాడు. ఆంజనేయస్వామికి వడమాల వేసిన చేత్తోనే పిల్లాణ్ణి చూపించి "కోతి వెధవా" అంటారు. లంచం తిన్నవాణ్ణి లంచగొండి అంటే నొచ్చుకుంటాడని కాబోలు, గాడిద అని సరిపెడతారు. పాపం, గాడిద తిన్నది గడ్డే.

1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక కులం పేరెత్తి నలుగురిలో తిట్టడం మానేశారు. చట్టమంటే అంత గౌరవం. ఇప్పుడు తలుపులు వేసుకుని తిడుతున్నారు.

మొన్న భోజనాల దగ్గర మనవడు మంచినీళ్ల చెంబు తన్నేశాడు. "ఒరే వెధవా!" అన్నారు. వాడు కిసుక్కున నవ్వి పరిగెత్తాడు. తమకు నెయ్యి వడ్డిస్తున్న అత్తయ్య చెయ్యి మాత్రం గిన్నెమీదే ఆగిపోయింది. తమ బావగారు కన్నుమూసిన ఏడాది నుంచీ తమ పంచనే ఉంటున్న తోడబుట్టిన మనిషి కదా. కాసేపటికి తేరుకుని, తమ కంచంలో ఇంకో చెంచా ఎక్కువే వేసింది. తమరు తలెత్తలేదు, ముద్ద కలుపుకున్నారు.

గురి చూడకుండా విసిరి అంత సూటిగా తగిలించడం, పెదనాన్నగారూ, తమకే చెల్లింది.