సర్కారువారి రాజపోషకుడు

పన్ను కట్టేవాళ్లలో రెండు రకాలు. నోటీసు ఇంటికొస్తే తప్ప కదలనివారు ఒకరు, షట్టరు లేవకముందే వచ్చి వరసలో నిలబడేవారు ఇంకొకరు. 2020 మే 4న, లాక్‌డౌన్‌లో నలభై రోజుల కటిక ఉపవాసం తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు, ఈ రెండో రకంవారు మండుటెండలో కిలోమీటర్ల మేర బారులు తీరారు. ఆ రోజు ధర 25 శాతం పెంచారు. వరస తగ్గలేదు. మర్నాడు ఇంకో 50 శాతం వడ్డించారు. వెరసి 75. అయినా తగ్గలేదు. ఇదే వడ్డన ఆదాయపు పన్ను మీద పడి ఉంటే ఆడిటర్లు, వకీళ్లు కోర్టు మెట్ల మీదే కాపురం పెట్టేవారు. మందుబాబు మాత్రం జేబులు తడుముకుని, తక్కువ పడిన చిల్లర పక్కవాడి దగ్గర చేబదులు పుచ్చుకుని కట్టేశాడు. రశీదు కూడా అడగలేదు.

ఇదంతా తాగుడు మాన్పించడానికేనని సర్కారు చెప్పింది. రాజ్యాంగం 47వ అధికరణం కూడా అదే చెబుతుంది: మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలి. అదే రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్రాల జాబితా, 51వ పద్దు తిరగేస్తే, మద్యం మీద సుంకం వేసుకునే హక్కు రాష్ట్రాలదేనని ఉంటుంది. మన సర్కార్లు మొదటిది ఎన్నికల ముందు చదువుతాయి, రెండోది బడ్జెట్ ముందు.

పాపం, వాటి బాధ వాటిది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక, రాష్ట్రం తన ఇష్టం మీద రేటు పెంచుకోగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి: మద్యం, పెట్రోలు, డీజిలు, స్థలాల రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను. సబ్బు మీద రేటు మార్చాలంటే జీఎస్టీ మండలిలో అన్ని రాష్ట్రాలూ కూర్చోవాలి. క్వార్టరు మీద పది రూపాయలు పెంచాలంటే రాత్రికి రాత్రి ఒక జీవో చాలు. అందుకే పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.20 శాతం, ఆంధ్రలో 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. బంకులో గొణిగేవాడు ఉన్నాడు కానీ వైన్‌షాపు కౌంటరు దగ్గర ధర్నా చేసినవాడు లేడు.

మాన్పించే ప్రయత్నం నిజంగా జరగలేదనలేం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచి నిలబడితే 1993లో సారా పోయింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం పెట్టారు. ఖజానాకు నాలుక పిడచకట్టింది. 1996లో బియ్యం ధర రెండు రూపాయల నుంచి మూడున్నరకు ఎక్కింది, కరెంటు చార్జీలూ పెరిగాయి. అంటే మందుబాబు కట్టే పన్ను తాగనివాళ్లు కట్టవలసి వచ్చింది. 1997లో నిషేధం సడలించి, ఎవరి పన్ను వారికి అప్పగించారు.

మళ్లీ 2020కి వద్దాం, అసలు విందు అక్కడుంది. 75 శాతం దెబ్బకు సీసా సరిహద్దు దాటడం మొదలుపెట్టింది. తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి బైకు డిక్కీల్లో, కూరగాయల బుట్టల అడుగున నడిచొచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు పక్క రాష్ట్రం నుంచి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చంది. అక్టోబరుకల్లా సర్కారు పర్మిట్ మెలిక పెట్టి ఆ దారి మూసేసింది. పట్టుబడిన సీసాలను వరసగా పేర్చి, పోలీసు బాసుల సమక్షంలో రోడ్డు రోలరుతో తొక్కించేవారు. ఫొటోలు బాగానే వచ్చేవి. లెక్క మాత్రం విచిత్రం: ఆ సీసా మీద పన్ను ముందే పక్క రాష్ట్రానికి ముట్టింది, ఆంధ్రకు మిగిలింది గాజుపెంకులు ఊడ్చే పని. రోలరు తాగిన డీజిలు మీద వ్యాట్ వచ్చింది లెండి, అది కాదనలేం.

ఇక్కడ నవ్వు ఆపాల్సిన మాట ఒకటి ఉంది. ఆ జులై ఆఖరులోనే, ప్రకాశం జిల్లా కురిచేడులో మందుకు బదులు శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు.

చివరికి 2021లో పన్ను తగ్గించక తప్పలేదు. ఆ ఏడు నవంబరులోనే ఇంకో విశేషం: చట్టం సవరించి, అమ్మ ఒడి, చేయూత, ఆసరా పథకాల అమలును మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కే అప్పగించారు. నాన్న తాగితే అమ్మ ఖాతాలో డబ్బు పడుతుందన్నమాట, మధ్యలో కమీషను సర్కారుది. మరుసటేడు అదే కార్పొరేషను 9.62 శాతం వడ్డీకి ఎనిమిది వేల కోట్ల పైచిలుకు బాండ్లు అమ్మింది. తాగిన మందుకు అప్పు పడటం లోకంలో ఉన్నదే. ఇంకా తాగని మందు మీద అప్పు తేవడం కొత్త. అదీ, 2024 నాటికి మద్యాన్ని స్టార్ హోటళ్లకే పరిమితం చేస్తామన్న సర్కారు హయాంలో.

2024 అక్టోబరులో కొత్త సర్కారు ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టరు తెచ్చింది. సీసా చవకైంది, ఆశ ఖరీదైంది. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, లాటరీలో పేరు రాకపోయినా తిరిగివ్వరు. ఒక్క చుక్క అమ్మకముందే 1,797 కోట్లు రాలాయి.

ఈ విద్యలో తెలంగాణ ముందే ఆరితేరింది. 2023లో 2,620 దుకాణాలకు 1,31,954 దరఖాస్తులు, 2,639 కోట్లు. 2025లో ఫీజు 3 లక్షలు చేస్తే దరఖాస్తులు 95,137కు పడిపోయాయి. గడువు పొడిగించి మరీ ఎదురుచూసిన సర్కారుకు కంగారే కానీ నష్టం లేదు, వసూలు 2,854 కోట్లకు చేరింది. పన్ను పెంచితే జనం తగ్గుతారు, రాబడి పెరుగుతుంది: ఆర్థికశాస్త్రం పాఠం చెప్పేవాళ్లు ఇంతకన్నా చక్కని ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. పేరు రాని 92 వేల పైచిలుకు దరఖాస్తుల డబ్బు మాత్రం ఏ సీసాలోకీ, ఏ కొట్లోకీ పోలేదు. అందులో పొలం అమ్మిన డబ్బెంత, వడ్డీకి తెచ్చిన డబ్బెంత అన్న పద్దు బడ్జెట్ పుస్తకంలో ఉండదు. లాటరీ తగిలినవాడు ఆ ఖర్చంతా రాబట్టుకోవడానికి బెల్టు షాపులకు సరుకు తోలుతాడు. అక్కడ కూలిమనిషి ఎమ్మార్పీ మీద ఇంకో ఇరవయ్యో ముప్పయ్యో పారేస్తాడు. అదీ ఒకరకం పన్నే, సర్కారుకు చేరదంతే.

తెలంగాణ ప్రస్తుత పాలసీకి 2027 నవంబరు 30 దాకా గడువుంది. ఈలోగా తేల్చుకోవలసింది ఫీజు మూడు లక్షలా, నాలుగా అన్నదే.