తాంబూలాలే, కాపురం లేదు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏడాది పొడవునా పెళ్ళిళ్ళ సీజనే. ఇటు కాలేజీ, అటు ఏ పరిశోధనశాలో, ఏ కంపెనీయో. ముహూర్తం చూసుకుని రెండు పక్షాలూ ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి, మార్చుకుంటాయి. ఫొటోగ్రాఫర్ 'ఇంకోసారి సార్' అంటే మళ్ళీ మార్చుకుంటాయి. శాలువా, మొక్క, మెమెంటో, ఆపైన భోజనాలు. మర్నాడు జిల్లా పేజీలో వార్త: ఫలానా సంస్థతో అవగాహన ఒప్పందం. దేని మీద అవగాహనో వార్తలో ఉండదు. పాపం విలేకరి తప్పేం లేదు, ఒప్పందంలోనూ ఉండదు.

ఈ మధ్య అలాంటి ఒక కాలేజీకి అతిథిగా వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు కారిడార్ గోడ చూపించారు. ఒప్పందాలన్నీ ఫ్రేములు కట్టి, పూర్వీకుల ఫొటోల్లా వరసగా వేలాడుతున్నాయి.

"మొత్తం 42 అండీ."

"వీటిలో పిల్లలు వెళ్ళి పని నేర్చుకున్నవెన్ని?"

"43వది వచ్చే వారం సార్, మీరు తప్పకుండా రావాలి."

తర్వాత సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. అద్దాల తలుపు, దానికి తాళం. తాళంచెవి ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర, ఆయన పరీక్షల డ్యూటీలో. పావుగంటకు వచ్చి తలుపు తీశాడు. లోపల ఆసిలోస్కోపు నిగనిగలాడుతోంది. తెర మీద కంపెనీ అంటించి పంపిన ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. గోరుతో ఒక మూల లేపాను. "వద్దు సార్! న్యాక్ వాళ్ళు వచ్చేదాకా కొత్తగా ఉండాలి" అన్నాడు.

ఒక్క కాలేజీలనే ఆడిపోసుకుంటే ఎలా? కాలేజీలను మదింపు చేసే న్యాక్ కొలమానాల్లో 'పనిచేస్తున్న ఒప్పందాల' సంఖ్యకూ మార్కులు పెట్టారు. ఆ 'పనిచేస్తున్న' అన్న మాట పెట్టడం వాళ్ళ మంచితనం. ఒక గెస్ట్ లెక్చరు, నాలుగు ఫొటోలు జతచేసి పనిచేయించేయడం మన పనితనం.

ఇక ఫైనలియర్ ప్రాజెక్టు. 42 సంస్థలతో చుట్టరికం ఉన్న కుర్రాడు హైదరాబాద్ అమీర్‌పేట బస్సెక్కుతాడు. అక్కడ రిపోర్టు, కోడు, పీపీటీ, బైండింగు అన్నీ ఒకే ప్యాకేజీ. వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు అదనం. నిజం చెప్పొద్దూ, బీటెక్ పిల్లలతో నికరంగా నడుస్తున్న భాగస్వామ్యం అదొక్కటే. సంతకం లేదు, శాలువా లేదు, డెలివరీ మాత్రం చెప్పిన రోజుకి!

కాపురం ఎలా ఉంటుందో మనకు తెలియక కాదు. అణుశక్తి రంగానికి మనుషులు కావాలని హోమీ భాభా 1957లో ముంబైలో ట్రైనింగ్ స్కూలు పెట్టించారు. డిగ్రీ చేతపట్టుకుని వచ్చిన వాళ్ళను ఏడాదిపాటు కూర్చోబెట్టి, పాఠాలు చెప్పి, పరీక్షలు పెట్టి, ఆపైనే పనిలోకి దించారు. అంత దూరమెందుకు, తార్నాకలో మెట్రో దిగండి. 1918 నాటి ఉస్మానియా ఒకవైపు, 1944లో పుట్టిన రసాయన పరిశోధనశాల ఐఐసీటీ, దాని బయోకెమిస్ట్రీ విభాగంలోంచి 1977లో మొలిచిన జీవశాస్త్ర పరిశోధనశాల సీసీఎంబీ ఇంకోవైపు. అక్కడ పీహెచ్‌డీ చేసే అమ్మాయికి పట్టా ఇచ్చేది ఏ సంస్థయినా, పని నేర్పేది ల్యాబ్ బెంచి. ఫలించని ప్రయోగాన్ని పదోసారి చేస్తూ, పదకొండోసారికి ఎక్కడ తప్పిందో పసిగడుతుంది. ఆ క్షణాన్ని ఫొటో తీయడానికి ఎవరూ ఉండరు.

అందుకే న్యాక్ వారికి నాదొక విన్నపం. ఒప్పందాలు లెక్కపెట్టడం మానండి. ఈ ఏడాది మీ పిల్లలు పగలగొట్టిన బీకర్లెన్ని, కాల్చిన ఫ్యూజులెన్ని, విరిచిన డ్రిల్ బిట్లెన్ని అని అడగండి. సున్నా అని చెప్పిన కాలేజీకి సున్నా వేయండి.

ఆ లెక్కన నేను వెళ్ళిన కాలేజీకి ఆ రోజు అరమార్కైనా దక్కేది, నేను లేపిన ప్లాస్టిక్ మూల పుణ్యాన. తలుపు మూసేముందు ల్యాబ్ అసిస్టెంట్ వెనక్కి వెళ్ళి, దాన్ని బొటనవేలితో నొక్కి మళ్ళీ అతికించేశాడు.