తెలియకపోవడం అనే అర్హత

సాఫ్ట్‌వేర్ లోకంలో అందరూ తిట్టేదీ ఎవరూ రాయనిదీ అయిన వాఙ్మయ శాఖ ఒకటుంది. దాని పేరు డాక్యుమెంటేషన్. ఎవరైనా ఉచితంగా తీసుకొని వాడుకోవడానికి, లోపలి కోడ్‌ను చదవడానికి, మార్చి పదిమందికీ పంచడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అనీ, ఇతర ప్రోగ్రాములు తమ పని కోసం పిలిచి వాడుకునేలా సిద్ధం చేసిపెట్టిన కోడ్ సంపుటిని లైబ్రరీ అనీ వ్యవహరిస్తారు కనుక, ఓపెన్ సోర్స్ లైబ్రరీకి డాక్యుమెంటేషన్ అంటే ఊరూ పేరూ తెలియని వాడుకరికి ఏ ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసిపెట్టే ఏ కోడ్ ముక్కను, ఎలా పిలవాలో, పిలిస్తే అది ఏమని పలుకుతుందో ముందుగా రాసి ఇచ్చే హామీపత్రం అన్నమాట. ఈ హామీ ఏ మేరకు నెరవేరుతున్నదో ఇటువంటి ప్రాజెక్టులెన్నిటికో నెలవైన గిట్‌హబ్ సంస్థ 2017లో జరిపిన సర్వే బయటపెట్టింది: సమాధానమిచ్చినవారిలో 93 శాతం మంది అసంపూర్ణమైన లేదా కాలం చెల్లిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురయ్యే సమస్య అన్నారు, అదే సర్వేలో, ప్రాజెక్టులకు తోడ్పడేవారిలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్ జోలికి అరుదుగా పోతామనో అసలు పోమనో ఒప్పుకున్నారు. రెండు శాతాలకూ హారాలు వేరు కనుక లెక్కల మాస్టారు ఒప్పుకోకపోవచ్చు గానీ, తిట్టేవారూ రాయనివారూ చాలావరకు ఒకే మనుషులని గ్రహించడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

దీనికంతటికీ బద్ధకమే కారణమని చెప్పి ఊరుకోవచ్చు, కానీ అసలు చిక్కు అక్కడ లేదు. ఒక ఫంక్షన్ ఏమి చేస్తుందో క్షుణ్ణంగా తెలిసిన వ్యక్తి దానిని రాసినవాడే; ఆ ఫంక్షన్ గురించి చదివి తెలుసుకోవలసిన అవసరం బొత్తిగా లేని వ్యక్తి కూడా అతడే. అవసరం ఉన్నవాడికి విషయం తెలియదు, విషయం తెలిసినవాడికి అవసరం తోచదు. అందువల్ల ఫంక్షన్ మొదటి పంక్తి కింద, మూడేసి కొటేషన్ గుర్తుల నడుమ రాసే వివరణ, అంటే పైథాన్ భాషలో డాక్‌స్ట్రింగ్ అని పిలిచేది, తరచు ఒక విచిత్రమైన శైలిని సంతరించుకుంటుంది. 'కాపీ' అనే ఐచ్ఛికం దేనికని వెతికేవారికి అక్కడ 'కాపీ చేయాలా వద్దా' అని ఉంటుంది. 'స్ట్రిక్ట్' అంటే ఏమిటని అడిగేవారికి 'నిజమైతే స్ట్రిక్ట్‌గా ఉంటుంది' అని ఉంటుంది. అందులో అబద్ధం ఒక్క అక్షరమైనా లేదు కనుక రాసినవారిని తప్పుపట్టడానికీ వీల్లేదు, కొత్త సంగతి ఒక్కటీ లేదు కనుక మెచ్చుకోవడానికీ వీల్లేదు. పాతకాలపువారు ఈ విషయంలో కాస్త మొహమాటం లేని మనుషులు: 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్ నుంచి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వెలువరించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్‌లో కమాండ్ల వివరణలకు 'బగ్స్' అనే శీర్షిక ఉండేది, ఆయా కమాండ్లలోని లోపాలను రాసినవారే అక్కడ నిస్సంకోచంగా ఒప్పుకునేవారు. నేటి లైబ్రరీలలో అదే సమాచారం 'నోట్స్' అనే మర్యాదైన శీర్షిక కింద, ఎవరి తప్పూ కానట్టుగా, కర్త కనబడని వాక్యాలలో దర్శనమిస్తుంది.

ఈ చిక్కు ఎంత సూక్ష్మమైనదో చూడదలచినవారు పాండాస్ అనే లైబ్రరీలోని 'యాక్సిస్' అనే ఒక్క మాట దగ్గర కాసేపు ఆగితే చాలు. వెస్ మెకిన్నీ 2008లో రాయడం మొదలుపెట్టిన పాండాస్, అడ్డు వరుసలూ నిలువు వరుసలూ గల పట్టికల మీద లెక్కలు వేయడానికి పైథాన్ వాడుకరులు విరివిగా వాడే లైబ్రరీ. దీనిలోని చాలా ఫంక్షన్లకు యాక్సిస్ అనే ఐచ్ఛికం ఉంటుంది. దానికి 0 లేదా 'ఇండెక్స్' అని గానీ, 1 లేదా 'కాలమ్స్' అని గానీ విలువ ఇవ్వాలి. 'డ్రాప్' అనే ఫంక్షన్‌కు కాలమ్స్ అని చెబితే పేరు చెప్పిన నిలువు వరుస తొలగిపోతుంది, ఇది న్యాయంగానే ఉంది. 'అప్లై' అనే ఫంక్షన్‌కు అదే మాట చెబితే, ఇచ్చిన పని ప్రతి అడ్డు వరుస మీదా జరుగుతుంది. ఇండెక్స్ అని చెబితే ప్రతి నిలువు వరుస మీదా జరుగుతుంది. ఇది పొరపాటు కాదు, డాక్యుమెంటేషన్‌లోనే ఇంచుమించు ఇవే మాటలతో, ఎలాంటి సంకోచమూ లేకుండా రాసి ఉన్న నియమం. దీనికి సమర్థన కూడా ఉంది: అప్లై విషయంలో యాక్సిస్ చెప్పేది దేని మీద పని జరుగుతుందని కాదు, పని ఏ దిక్కుగా సాగుతుందని, కాలమ్స్ వెంబడి ఒకదాని తరువాత ఒకటిగా నడుచుకుంటూ పోతే చేతికి చిక్కేది ఒక అడ్డు వరుసే. తర్కం నిర్దుష్టంగా ఉంది, చదివినవాడు మాత్రం తల పట్టుకుంటాడు.

ఇటువంటి వాక్యం దగ్గర కొత్త పాఠకుడు పడే అవస్థకు ఒక క్రమం ఉంది. మొదట అతడు తన కళ్లను అనుమానిస్తాడు, తరువాత అచ్చుతప్పును అనుమానిస్తాడు, ఆపైన రెండు మాటలనూ తారుమారు చేసి ఒక పుల్ రిక్వెస్ట్ పంపుతాడు. పుల్ రిక్వెస్ట్ అంటే, ఫలానా మార్పు చేశాను, దయచేసి అసలు ప్రతిలో కలుపుకోండి అని లైబ్రరీ నిర్వాహకులకు, అంటే మెయింటెయినర్లకు, పెట్టుకునే అర్జీ. ఉన్నది సరిగానే ఉన్నదని వారు మర్యాదగా జవాబిస్తారు. అర్జీదారు మళ్లీ చదువుతాడు, ఏదో ఒక క్షణంలో విషయం తలకెక్కుతుంది, ఆ క్షణంలోనే ఒక నష్టం కూడా జరిగిపోతుంది: నిన్నటిదాకా ఆ వాక్యంలో ఏది అర్థం కాలేదో ఇవాళ అతనికి గుర్తుండదు. మరో నెల గడిచేసరికి అతడే ఇంకొక కొత్తవాడికి 'ఇందులో అర్థం కానిదేముంది' అని చెప్పగల స్థితికి చేరుకుంటాడు. ఈ లెక్కన డాక్యుమెంటేషన్‌ను సమీక్షించడానికి అన్నిటికంటె పెద్ద అర్హత అజ్ఞానమే. అయితే నిల్వ ఉండని అర్హత అది, వాడిన కొద్దీ తరిగిపోతుంది, పోయాక ఏ విశ్వవిద్యాలయమూ తిరిగి ఇవ్వలేదు. పాండాస్ బృందం 2018 మార్చి 10న ప్రపంచంలోని పలు నగరాలలో వందలాది మందిని కూర్చోబెట్టి తలా ఒక ఫంక్షన్ వివరణను చక్కదిద్దించినప్పుడు, వారిలో చాలామందికి అది తొలి ఓపెన్ సోర్స్ పని కావడం ఆ కార్యక్రమానికి లోటు కాదు, నిజానికి అదే పెట్టుబడి అని వాదించవచ్చు.

మనుషుల తెలివి మీద ఇలా నమ్మకం సడలినప్పుడు తనిఖీ బాధ్యత యంత్రానికి పోతుంది. పాండాస్‌లో డాక్‌స్ట్రింగులను పరిశీలించే ఒక స్క్రిప్టు ఉంది. ప్రతి తప్పుకూ అది ఒక సంకేతాంకం ఇస్తుంది. సారాంశ వాక్యం చివర చుక్క లేకపోతే ఎస్‌ఎస్03, పారామీటర్, అంటే ఐచ్ఛికం, వివరణ చివర చుక్క లేకపోతే పీఆర్09, ఆ వివరణ పెద్దక్షరంతో మొదలుకాకపోతే పీఆర్08, అసలు ఉదాహరణలే లేకపోతే ఈఎక్స్01. వీటన్నిటిలో వినోదకరమైనది ఎస్‌ఎస్05: ఫంక్షన్ 'లెక్కిస్తుంది' అని రాస్తే తప్పు, 'లెక్కించు' అని ఆజ్ఞాపించినట్టు రాయాలి. ఇది స్క్రిప్టు సొంత పైత్యం కాదు, 2001 నాటి పీఈపీ 257 అనే పైథాన్ నియమావళి నుంచి వస్తున్న సంప్రదాయం. చుక్క ఉందో లేదో యంత్రం నిమిషాలలో చెప్పేస్తుంది, చుక్కకు ముందున్న వాక్యం నిజమో కాదో మాత్రం దానికి అక్కరలేదు. తప్పులు మరీ ఎక్కువైనందున, ప్రస్తుతానికి క్షమించి వదిలేసిన ఫంక్షన్ల పేర్లను ఒక ఫైలులో జాబితాగా రాసిపెట్టారు. ఒక్కో ఫంక్షన్‌ను సరిచేసి ఆ జాబితాలోంచి దాని పేరు కొట్టివేయడం కొత్తవారికి అప్పగించే పనులలో ఒకటిగా స్థిరపడింది.

డాక్యుమెంటేషన్ అబద్ధమాడితే యంత్రం పట్టుకోగల చోటు ఇంచుమించు ఒక్కటే, ఉదాహరణలు. టిమ్ పీటర్స్ రాసిన డాక్‌టెస్ట్ అనే పరికరం 2001 నుంచి పైథాన్‌లో భాగంగా ఉంది. అది వివరణలోని ఉదాహరణను నిజంగా నడిపి చూసి, కింద రాసిపెట్టిన జవాబుతో పోల్చి, ఒక్క అక్షరం తేడా వచ్చినా పేచీ పెడుతుంది. అయితే ఉదాహరణలో ఉన్న లోకం సంభవమా కాదా అన్నది దాని పరిధిలోకి రాదు. పాండాస్‌లో 'శాంపిల్' అనే ఫంక్షన్ కింద ఉన్న పట్టికలో డేగకు 2 కాళ్లు, కుక్కకు 4, సాలీడుకు 8, చేపకు 0 అని ఉంది, ఇంతవరకు జంతుశాస్త్రజ్ఞులకు అభ్యంతరం ఉండనక్కరలేదు. ఆ పక్కనే ఒక్కొక్కటి ఎన్ని కనబడ్డాయో రాసిన వరుసలో డేగలు 10, కుక్కలు 2, సాలీడు 1, చేపలు 8 అని ఉంది. పది డేగలు కంటబడేలోగా రెండే కుక్కలు ఎదురుపడే ఊరు, ఒక్కటంటే ఒక్క సాలీడు ఉన్న ఊరు భూమండలం మీద ఎక్కడున్నదో చెబితే కాపురం పెట్టడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. అయినా ఈ పట్టిక ఎన్నో గంభీరమైన వివరణలకంటె నయం, ఎందుకంటే ఒకసారి చూసినవారు దానిని మరచిపోరు. 'ఫూ', 'బార్' అని అర్థం లేని పేర్లు పెట్టిన పట్టికలను గుర్తుంచుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు.

యంత్రం పచ్చగుర్తు వేసిన తరువాత మనుషుల సమీక్ష మొదలవుతుంది, ఇక్కడ డాక్యుమెంటేషన్‌కు పట్టే గతి కోడ్‌కు పట్టదు. కంప్యూటర్ మెమరీని ఆదా చేసే రెండు వేల పంక్తుల కోడ్ వస్తే చదివి అర్థం చేసుకోగలవారు ఇద్దరు ముగ్గురే ఉంటారు కనుక, మిగిలినవారు 'బాగానే ఉన్నట్టుంది' అనే భావాన్ని నాలుగు ఇంగ్లీషు అక్షరాలలో, ఎల్‌జీటీఎం అని, వెలిబుచ్చి తప్పుకుంటారు. ఒక్క వాక్యం సవరణ వస్తే మాత్రం, అది అందరికీ వచ్చిన భాషే కావడం వల్ల, పెళ్లి శుభలేఖ ప్రూఫు ఇంటికి వచ్చినట్టే ఉంటుంది: చిన్నాన్న పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంలోనా పూర్తిగానా, మేనత్త పేరు పైనా కిందా అని ఇల్లంతా తర్జనభర్జన పడుతుంది గానీ, ముహూర్తం రాత్రిదా పగటిదా అని సరిచూసేవారు ఉండరు. సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లో ఈ రోగానికి లక్షణాలు రాసిపెట్టాడు. ఆయన ఊహించిన సంఘం అణు రియాక్టరును రెండున్నర నిమిషాలలో ఆమోదించి, 350 పౌండ్ల సైకిల్ షెడ్డు మీద 45 నిమిషాలు వాదించుకుంది. ప్రోగ్రామర్లు ఇటువంటి వాదాన్ని బైక్‌షెడ్డింగ్ అని పిలుస్తూ, పేరు తెలిసినంత మాత్రాన రోగం కుదిరినట్టే భావిస్తూ, దానిని యథావిధిగా కొనసాగిస్తున్నారు. కామా ఉండాలా వద్దా అన్న చర్చ నెల దాటి, అర్జీదారు విసిగి మౌనం వహిస్తే, ముప్పై రోజులుగా కదలిక లేదు కనుక ఇది పాతబడిందని ఒక బాట్, అంటే తనంతట తానే నడిచే ప్రోగ్రాము, వచ్చి ప్రకటించి పోతుంది. అందరిలోకీ సమయపాలన పాటించేది ఆ బాట్ ఒక్కటే.

సేవాభావంతో కాక మరో ప్రయోజనం ఆశించి వచ్చేవారి సంగతి టూకీగా చెప్పుకొని వదిలేయవచ్చు. అక్టోబరు నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి అప్పట్లో టీషర్టు ఇచ్చిన హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో ఎన్నో ప్రాజెక్టుల రీడ్‌మీ ఫైళ్లకు, అంటే ప్రాజెక్టు ముంగిట ఉండే పరిచయ పత్రాలకు, 'అద్భుతమైన' వంటి విశేషణాలు తగిలించే సవరణలు కుప్పతెప్పలుగా వచ్చిపడ్డాయి. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకని చెప్పే అవసరం కూడా ఎవరికీ రాలేదు, కారణం టీషర్టని అందరికీ తెలుసు. ఆ నెల మొదటి వారంలోనే నిర్వాహకులు నియమాలు మార్చి, తామై ఒప్పుకున్న ప్రాజెక్టులకే దానిని పరిమితం చేయవలసి వచ్చింది. ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి 2024లో ఇంకో ముచ్చట జరిగింది: కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసి ఉంచే గిట్ అనే పరికరం వాడకం నేర్పే ఒక హిందీ వీడియో పాఠంలో దాని రీడ్‌మీని ఉదాహరణగా చూపినందుకు, పాఠాన్ని అక్షరాలా పాటించిన విద్యార్థులు తమ తమ పేర్లను ఆ ఫైలులో చేర్చమని వరుసగా అర్జీలు పెట్టారు. ప్లేస్‌మెంట్ల భయంతో రెజ్యూమె నింపుకునే బీటెక్ విద్యార్థులను ఎద్దేవా చేయడం తేలికే, కానీ చెప్పినది చెప్పినట్టు చేశారంటే ఆ పాఠం నిజంగా చాలా స్పష్టంగా ఉండి ఉండాలి, అంతటి స్పష్టత ఏ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌కైనా అసూయ కలిగించేదే. దీనివల్ల అసలు నష్టపోయినది మాత్రం నిజంగా ఒక తప్పు కనిపెట్టి ఒక్క పంక్తి సవరణ పంపే కొత్తవాడు. అతని అర్జీని చూసిన మెయింటెయినర్ మొదట టీషర్టు కోసమా అని చూసి, ఆ తరువాతే చదువుతాడు.

ఇన్ని గండాలు గడిచి ఒక సవరణ అసలు ప్రతిలో కలిసిందనుకుంటే, దాని ఫలితం వెంటనే కనబడదు. కొత్త వాక్యం రాబోయే వెర్షన్ పేజీలలోకి చేరుతుంది, వెతికేవారికి సెర్చ్ ఇంజిన్ ఏళ్లనాటి వెర్షన్ పేజీని చూపడం కద్దు, కనుక దిద్దినవాడు తన వాక్యాన్ని తానే వెతికి పట్టుకోలేక పాత తప్పునే మళ్లీ చదువుకునే సందర్భాలు వస్తాయి. కానీ గిట్ మరచిపోదు. ఏ పంక్తిని చివరిసారిగా ముట్టుకున్నది ఎవరో చూపే ఆదేశం ఒకటి అందులో ఉంది, దాని పేరు 'బ్లేమ్', అంటే నింద. పంక్తిలో కామా ఒక్కటే పెట్టినా, ఆ పంక్తి మొత్తానికి పెట్టినవాడి పేరే పడుతుంది. మరుసటి ఏడాది ఇంకెవరో యాక్సిస్ వివరణ తలకిందులుగా ఉందని కొత్త అర్జీ పెట్టినప్పుడు, సమీక్షకు ఎవరిని పిలవాలో గిట్‌హబ్ ఈ బ్లేమ్ వివరాలను చూసే సూచిస్తుంది. ఆ విధంగా కామా పెట్టినవాడు యాక్సిస్ నిపుణుడిగా పిలుపు అందుకొని, అర్జీని ఒకసారి చదివి, ఇందులో అర్థం కానిదేముందని రాస్తాడు.