కేతిగాడి టెండరు

స్థానిక వారసత్వాన్ని బడిపిల్లలకు ఇకమీదట ఇంటరాక్టివ్ తెరల మీదనే నేర్పుతారని, తెర మీది తోలుబొమ్మను వేలితో తాకగానే అది చేతులూపి తన చరిత్ర తానే చెప్పుకుంటుందని, ఇటువంటి ప్రయత్నం తెలుగునేల మీద ఇదే మొదటిదని పెద్దలు సెలవిస్తున్నారు. ఇంటరాక్టివ్ అంటే చూసేవాడు ఒకటి చేస్తే దానికి బదులుగా తెర మరొకటి చేయడమని నిపుణుల నిర్వచనం. ఈ నిర్వచనాన్ని అక్షరాలా నమ్మి, శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలాట బృందమొకటి ఆ తెరల సరఫరాకు టెండరు వేస్తే, సాంకేతిక పరిశీలన సంఘం ముందుకు ఎటువంటి పత్రం వస్తుందో ఊహించి చూడడం ఉపయుక్తం.

మొదటి అంశం తెర. గుంజల మధ్య బిగించి కట్టిన తెల్లబట్టకు బ్యాక్‌లైటు, అనగా వెనుక నుంచి పడే వెలుగు, తొలినాళ్లలో ఆముదపు దీపంతో అందేదనీ, తరువాత విద్యుత్ బల్బు రావడంతో ఆ అప్‌గ్రేడ్ కొనుగోలుదారుకు ఖర్చు లేకుండా జరిగిపోయిందనీ బృందం నివేదిస్తుంది. మేకతోలును వెలుగు పారేటంత పలుచగా గీకి, నగల చోట ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు అద్దిన బొమ్మ ఎత్తు నాలుగు నుంచి ఆరు అడుగుల దాకా ఉంటుంది కనుక, ఆ కొలతతో చూస్తే తరగతి గది ప్యానెల్‌లో రావణుడికి నాలుగైదు తలలకు మించి చోటు దొరకడం అనుమానమే. స్పీకర్ల గడిలో ‘ఆటగాడి కాళ్ల కింది చెక్కలు’ అని రాసి ఉంటుంది. యుద్ధఘట్టంలో వాటిని తొక్కితే పుట్టే చప్పుడుకు చివరి వరుసలో నిద్రపోయే పసిబిడ్డ కూడా లేచి కూర్చునేదన్నది ఆ గడికి ఆధారం. నిల్వ సామర్థ్యం కింద రంగనాథ రామాయణ ద్విపదలు కంఠస్థమైన ఒక మనిషి తలను చూపుతారు. క్లౌడ్‌తో, అనగా మేఘంతో, అనుసంధానం ఉన్నదా అన్న ప్రశ్నకు, వానలు మొహం చాటేసిన ఏట ఊళ్లు తమను పిలిచి, వాన కురవాలని విరాటపర్వం ఆడించుకునేవని, అంతకన్నా నేరైన అనుసంధానం మరొకటి ఉండబోదని సమాధానం.

అసలైన పరీక్ష ఇంటరాక్టివ్ గుణానికి. తోలుబొమ్మలాటలో హాస్యగాడైన కేతిగాడిని తాకనక్కరలేదు, జనంలోంచి ఎవరో ఒక మాట విసిరితే చాలు. వాడు రాముడి కష్టాలను అక్కడే నిలిపివేసి, తన జోడీ బంగారక్కను వెంటబెట్టుకొని తెర మీదికి దూకి, ఆ ఊరి పెద్దమనిషి పిసినారితనాన్ని, కొత్తల్లుడి అలకను, ముందు వరుసలో కునుకుతున్నవాడి గురకను ఏకరువు పెట్టి, తిరిగి కథను వదిలిన చోటనే అందుకుంటాడు. ఊరూరికీ వేరు పాఠం, రాత్రి రాత్రికీ కొత్త అప్‌డేట్. వాడి నోటికి పిల్లల భద్రత కోసం వడపోత ఏదీ లేదన్నది సంఘం లేవనెత్తగల ఏకైక న్యాయమైన అభ్యంతరం.

అయినా టెండరు తిరస్కరణకు గురవుతుంది. పూర్వానుభవానికి సాక్ష్యంగా పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోని తోలుబొమ్మల ప్రస్తావనను జతపరిచినా, అది గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలకు చెందినది కాదు. మూల తయారీదారు అధీకృత పత్రం కూడా కావాలి. మేకలు సంతకం చేయవు.

పరిహాసం ఇంతటితో ఆపవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. ఇన్ని గుర్తింపులున్న ఊరివారిని రాత్రంతా ఆట ఆడమని పిలిచేవారు కరువైనందున, రావణుణ్ణి చెక్కిన ఉలితోనే వారు లాంప్‌షేడ్లకు, గోడ అలంకరణలకు పూలూ నెమళ్లూ చెక్కి అమ్ముకుంటున్నారు. తెరలకు, వాటి తీగలకు, వాటి మరమ్మతులకు డబ్బు కేటాయించగలిగిన వ్యవస్థకు, బస్సు దూరంలో ఉన్న ఆ మనుషులను ఏడాదికొక్క సాయంత్రం బడి ఆవరణకు పిలిచి, కూలి గిట్టేలా చెల్లించి, పిల్లల చేతికి ఒక తోలుముక్కను, ఒక ఉలిని ఇప్పించడానికి మాత్రం పద్దు దొరకదు. బతికున్నవాణ్ణి పక్కన పెట్టి వాడి బొమ్మను తాకమనడం, దానినే వారసత్వ పరిరక్షణ అని చాటుకోవడం సిగ్గుమాలిన పని. ఈ పథకం అనుకున్నట్లే నడిస్తే నిమ్మలకుంట బడిపిల్లవాడు కూడా తన తాత ఆడించిన హనుమంతుణ్ణి అద్దం మీద వేలితో తట్టి లేపవలసి ఉంటుంది. ఆ తాత అదే వేళకు ఇంటి అరుగు మీద కూర్చొని, శనివారంలోగా అందించవలసిన లాంప్‌షేడ్లకు రంగు వేస్తూ ఉంటాడు.