పలకకూడని పెట్టె

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అందులో చెక్క పలకాలి. పలకని వీణ ఎవరూ కొనరు. ధవళేశ్వరంలో మా వరండాలో తయారైన స్పీకరు పెట్టెల సంగతి దానికి సరిగ్గా తలకిందులు. లోపల స్పీకరు ఎంత మొత్తుకున్నా పెట్టె మాత్రం నోరు మెదపకూడదు. ఇంట్లో నోరు మెదపకుండా ఎలా ఉండాలో పాతికేళ్లుగా సాధన చేస్తున్నవాణ్ణి కనుక, ఈ పనికి నాకన్నా అర్హుడు లేడనుకున్నాను.

చెయ్యి మాత్రం మా వడ్రంగి మేస్త్రిది. గుమ్మాలు, పూజామందిరాలు చేసి పండిన చెయ్యి.

"పెట్టెందుకండీ మాస్టారూ? స్పీకరుకి ఓ మేకు కొట్టి గోడకి తగిలించేస్తే పోలా?" అన్నాడు మొదటిరోజే.

న్యాయమైన ప్రశ్న. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇప్పుడు మనం వాడే తరహా స్పీకరును లోకానికి చూపించినప్పుడు వాళ్లకీ ఇదే చిక్కు ఎదురైంది. స్పీకరు కాగితం ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిశాయంటే చెల్లుకు చెల్లు. సన్నాయికి పెద్ద నష్టం లేదు గానీ, డోలు దెబ్బ గల్లంతవుతుంది. సెకనుకు 50 సార్లు ఊగే ధ్వని అల పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని అరచేతంత పలక ఏం ఆపుతుంది? అందుకే వెనక ధ్వనిని పెట్టెలో బంధించాలి.

ఇదంతా సుద్దముక్కతో గచ్చు మీద గీసి చెప్పాను. మేస్త్రి బీడీ తీసి, "ఆయ్, ఆనకట్టండి అయితే," అన్నాడు. ఇంకో దమ్ము పీల్చి, "ఆనకట్టన్నాక తూము ఉండాలి కదండీ?" అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. పెట్టెకి చిన్న గొట్టం అమర్చి, వెనక ధ్వనిని తగిన వేళకి ముందుకి వదిలితే డోలు ఇంకా గట్టిగా మోగుతుంది. ఆ గొట్టం కొలతలకి ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీరు 1961లో లెక్కలు కడితే, 1970లలో స్మాల్ అనే ఆయన వాటిని ఓ దారికి తెచ్చాడు. మా మేస్త్రి బీడీ ఆరేలోపు దగ్గరదాకా వచ్చేశాడు. కాకపోతే తూము ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టాడు. థీల్ దిక్కుల గురించి ఏమీ రాయలేదు కనుక ఒప్పుకున్నాను.

అసలు గొడవ చెక్క దగ్గర వచ్చింది. ఆయనకి టేకు పలకలు కావాలి. నేను 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, దాని మీద అర మిల్లీమీటరు టేకు వెనీరు అన్నాను. "పైన టేకు, లోపల ప్లైవుడ్డా? మోసం కాదండీ?" అన్నాడు. టేకు పలక శ్రావణంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, రోహిణికార్తెలో ముడుచుకుంటుంది. అతుకు కాస్త విచ్చినా పెట్టెలో గాలి నిలవదు. ప్లైవుడ్డులో ఒక పొర నిలువు, దాని మీది పొర అడ్డం. ఒకదాన్నొకటి కదలనివ్వవు. ఇదంతా ఆయనకి తెలియక కాదు. పెళ్లికూతుళ్లతో పంపే "టేకు" మంచాల్లో టేకు ఎంతో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆయన బాధల్లా నేను ప్లైవుడ్డని వీధిలోకి వినబడేలా అనడం.

ఇక ఇంట్లో సంగతి. గోదావరి మీది మా బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఊళ్లో ఎక్కాలు రానివాడికి కూడా ఇవి వస్తాయి. మా ఆవిడ కూడా ఆ పద్ధతే పాటిస్తుంది. రంపంపొట్టు ఆవకాయ జాడీ వాసెన మీద చేరినప్పుడు మొదటిది ఎగరేసింది. పెట్టెలో ప్రతిధ్వని అణచడానికి కొత్త దిండ్లలోని పాలిస్టర్ దూది మాయమైనప్పుడు రెండోది. మూడోది ఇస్త్రీపెట్టె వల్ల.

వెనీరు అతికించే సులువైన పద్ధతి ఒకటుంది. చెక్కకీ వెనీరుకీ తెల్ల ఫెవికాల్ రాసి, రెండూ ఆరనిచ్చి, ఒకదాని మీద ఒకటి పరిచి ఇస్త్రీ చేస్తే, ఆరిన జిగురు వేడికి కరిగి పట్టేస్తుంది. తర్వాత గోటితో తట్టుకుంటూ పోవాలి. డొల్లగా మోగితే అక్కడ బుడగ ఉన్నట్టు. చార వెంట బ్లేడుతో సన్నగా గాటు పెట్టి మళ్లీ ఇస్త్రీ. "ఏమండీ, నా పట్టుచీర ఒక్కనాడైనా ఇంత ముద్దుగా ఇస్త్రీ చేశారా?" అంది మా ఆవిడ. మూడో హెచ్చరిక వచ్చాక లోతట్టు ప్రాంతాల వాళ్లని తరలిస్తారు కదా, నన్నూ పెట్టెల్నీ డాబా మీదికి తరలించారు. అక్కడ పక్కింటి తాతగారు పిట్టగోడ మీంచి, "కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికే అడ్డం కట్టేశాడోయ్. నీవి రెండు పెట్టెలేగా!" అని రోజూ పరామర్శ.

చివరికి ఉప్పుకాగితం రుద్ది, పాలిష్ పట్టి, ఓ సాయంత్రం పాట పెట్టాం. డోలు దెబ్బకి కిటికీ ఊచలు జుమ్మన్నాయి. తాతగారు పిట్టగోడ దిగారు. మా ఆవిడ, పైకి ఒప్పుకోదు గానీ, కూర కలపడం ఆపింది. మేస్త్రి మాత్రం పెళ్లిళ్లలో మైకుసెట్ల మీద చెయ్యివేసి చూసే అలవాటుతో, పెట్టె పక్కన అరచెయ్యి ఆనించాడు. రెండో పెట్టె మీద కూడా ఆనించాడు. ఎక్కడా వీసమెత్తు అదురు లేదు. ముఖం వేలాడేసుకుని నన్ను పక్కకి పిలిచాడు.

"టేకు అంటే విన్నారు కాదండీ. పెట్టె అసలు పలకట్లేదు!"