పెద్దచెట్టును ఇంకాస్త పెద్దగా కొలవడం ఎలా?

పాత మాను కనబడగానే మనవాళ్లు అడిగేవి రెండే: ఎన్నేళ్లది, ఎన్నెకరాల్లో ఉంది? రెంటికీ జవాబు తడుముకోకుండా చెబితేనే చెట్టుకూ మనకూ మర్యాద. అందుకని బయల్దేరే ముందే జవాబులు రాసి జేబులో పెట్టుకోండి. ఆ జవాబులకు సాక్ష్యం చెప్పడం వరకే టేపు పని.

ముందు చెట్టు దగ్గరికి, అంటే పాలమూరు (మహబూబ్‌నగర్) దగ్గరి పిల్లలమర్రి అనే పెద్ద మర్రి దగ్గరికి చేరాలి. ఫోన్‌లో ఉత్త ‘పిల్లలమర్రి’ అని కొట్టి, అది ఎటు చూపిస్తే అటే పొండి. సూర్యాపేట పక్కన ఇంకో పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్న ఊరు. అక్కడ నల్లరాతి స్తంభాలకు టేపు చుట్టుకొని రండి. రాతికి చెదలు పట్టదు, పదేళ్ల తర్వాత కూడా అదే కొలత వస్తుంది. ఇంత సుఖం పాలమూరులో దొరకదు.

దారి తప్పకుండా మహబూబ్‌నగర్ చేరినవాళ్లకు అసలు కష్టం మొదలవుతుంది. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ మర్రికి ఊడలు దిగి, దిగిన ఊడలే మానులై, వాటి కొమ్మలకు మళ్లీ ఊడలు దిగి, అసలు మొదలేదో పోల్చుకోలేకుండా అయింది. మీరు మాత్రం అన్నిటికన్నా లావుగా కనబడ్డదాన్ని పట్టుకొని ఇదే మొదలని ప్రకటించండి. రెండు ఊడలు అతుక్కుపోయి ఒకటిగా కనబడితే మరీ మంచిది.

చుట్టుకొలతకు అటవీశాఖవాళ్ల లెక్క ఒకటుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, టేపు అడ్డంగా తిప్పాలంటారు. ఆ ఎత్తునే ఎందుకంటే మొదట్లో వేళ్ల ఉబ్బు ఉంటుంది, అది చెట్టు లావు కాదు. మీరు ఆ ఉబ్బు దగ్గరే పట్టుకోండి. నల్లమలలో అమ్రాబాద్ వైపు వాగు గట్ల మీద ఏరుమద్ది చెట్లకు ఇది బాగా పనికొస్తుంది. తెల్లటి నున్నటి మాను కిందికి వచ్చేసరికి గోడల్లా విచ్చుకుంటుంది, ఒక్కో గోడ పక్కన మనిషి నిలబడొచ్చు. గట్టు వాలుగా ఉంటే పైవైపు నేల నుంచి ఎత్తు చూసుకోవాలన్నది నియమం. మీరు వాగులోకి దిగి, వరద మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ వేళ్ల దగ్గర టేపు వేయండి. రెండు మూడు మూరలు ఊరికే కలిసొస్తాయి. టేపు ఒకపక్క కిందికి జారితే సర్దకండి, ఏటవాలుగా తిరిగిన టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

టేపు అంటే గుర్తొచ్చింది, దర్జీ టేపు తీసుకెళ్లండి. అరవై అంగుళాలు అయిపోయిన చోట వేలు పెట్టి, మళ్లీ మొదలుపెట్టి, నాలుగోసారో ఐదోసారో మరిచిపోయి, ఐదనే రాసుకోండి. అసలు టేపే వద్దనుకుంటే మనుషులతో కొలవడం మన పాత పద్ధతి. ఎంతమంది చేతులు కలిపితే మానుకు చుట్టు తిరుగుతుందో చూడాలి. దీనికి బారెడు చేతులున్న పెద్దవాళ్లను పిలిస్తే నలుగురితో తేలిపోతుంది. మూడో తరగతి పిల్లల్ని పిలవండి, ‘నలుగురు పట్టుకున్నా అందలేదు’ అని రాసుకోవచ్చు. బడి మొత్తాన్నీ తీసుకెళ్తే వేళ్ల మీద మట్టి కూడా తొక్కి తొక్కి బాగా గట్టిపడుతుంది.

ఎత్తుకు కర్ర చాలు. కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో, పిడికిలి పైన అంత కర్ర నిలువుగా పట్టుకొని, కర్ర మొత్తం చెట్టును కప్పేదాకా వెనక్కి నడవాలి. ఆగిన చోటు నుంచి మొదలు దాకా ఉన్న దూరమే చెట్టు ఎత్తు. నేల చదునుగా ఉంటే ఇది దాదాపు నిజం చెప్పేస్తుంది, జాగ్రత్త. లోయ వాలు వెంబడి టేపు పరవండి, దూరం పెరుగుతుంది, దాంతోపాటు చెట్టూ పెరుగుతుంది. ఇంకో చిట్కా ఉంది, దీనికి చదువుకున్నవాళ్లు కూడా పడిపోతారు. మర్రిలాంటి గొడుగు చెట్టుకు చిటారుకొమ్మ నడిమధ్య ఎక్కడో దాక్కొని ఉంటుంది. మనకు కనబడేది మనవైపు వంగి వచ్చిన కొమ్మ అంచు. అది దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎత్తుగా అనిపిస్తుంది. దాన్నే చిటారు అనుకొని గురి చూడండి. ఎత్తు కొలిచే ఫోన్ యాప్ కూడా మీ మాటే నమ్ముతుంది.

ఒక్క విషయంలో మాత్రం నిజంగానే తల ఎత్తి చూడండి: పైన తేనెపెర ఉందేమో. ఏ చెట్టుకు తేనె పడుతుందో చెంచులకు తెలుసు. కానీ వాళ్లను అడిగితే చెట్టు గురించి ఇంకా చాలా చెబుతారు, మీ జేబులో కాగితం పాడైపోతుంది.

వయసుకు కొలత అక్కర్లేదు. మర్రికి టేకులాగా ఏటేటా లెక్కపెట్టదగ్గ వలయాలు సరిగా పడవు, పైగా అసలు మొదలే తెలియనప్పుడు దేనిలో చూస్తారు? పిల్లలమర్రికి ఒకరు 700 ఏళ్లంటారు, ఒకరు 800 అంటారు. పెద్దది తీసుకోండి.

ఇక విస్తీర్ణం. మూడెకరాలన్న మాట అందరి నోటా ఉంది కాబట్టి అంతకు తగ్గకూడదు. కొమ్మల అంచు కింద మేకులు దింపుకుంటూ చుట్టూ తిరిగి, ఎక్కడికక్కడ ఖాళీలు తీసేసి లెక్క కట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. సాయంత్రం ఐదింటికి నీడను కొలవండి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందని ఎవరైనా గుర్తుచేస్తే, అరగంట ఆగి మళ్లీ కొలవండి. కొమ్మ విరిగి ఆకాశం కనబడే చోటును కూడా చెట్టులోనే కలపండి.

ఈ ఆఖరి చిట్కా విలువ 2018లో తెలిసింది. చెదలు తిని పిల్లలమర్రి కొమ్మలు విరిగిపడుతుంటే 2017 డిసెంబర్ నుంచే సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు క్లోరోపైరిఫాస్ కలిపిన సెలైన్ సీసాలు వరసగా వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. బలహీనపడ్డ కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా కట్టారు. దేశమంతా ఆ సీసాల ఫొటోలు చూసింది. చెట్టులో ఎంత పోయిందని అడిగేవాళ్లు తక్కువ, అడిగినా మూడెకరాలు నిన్నా మూడెకరాలే, ఇవాళా మూడెకరాలే. హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఈ సౌకర్యం లేదు. అక్కడి పెద్ద మర్రికి శిలీంధ్రం పట్టిన మొదలును 1925లో తీసేశారు. ఊడల లెక్క రాస్తూ వచ్చారు కాబట్టి చెట్టు ఎటు పెరిగిందో, ఎటు తగ్గిందో దాచలేరు.

కొలిచిన తేదీ రాయకండి. టేపు ఏ ఎత్తున పెట్టారో, ఏ ఊడకు పెట్టారో అసలే రాయకండి. గుర్తు కావాలనుకుంటే ఇనప మేకు దిగగొట్టండి, లేదా బెరడు మీద చాకుతో అంకె చెక్కండి. ఇప్పటికే అక్కడ చెక్కి ఉన్న ప్రేమికుల పేర్ల మధ్య ఎక్కడైనా చోటు దొరుకుతుంది.